వచ్చిన చోటికే

సరిగ్గా నాలుగింటికి మామగారు నీళ్ళలోకి దిగారు. ఐదింటిదాకా బయటికి రారు. ఐదింటికే ఆ గడువూ అయిపోతుంది. ఈ రెండూ ఒకే గంటలో పడాలని ఎవరూ పనిగట్టుకుని చూడలేదు గాని, ఈత కొలను గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చున్న కోడలికి మాత్రం తనను ఎవరో పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టినట్టే ఉంది. ఆఫీసులో ఉంటే ఏదో ఒక పని నెత్తిన వేసుకునేది, ఇంట్లో ఉంటే తుడిచిన వంటింటి గట్టునే మళ్ళీ తుడిచేది, ఇక్కడ ఆ వీలు కూడా లేదు. పైన గాజు కప్పులోంచి సాయంత్రపు ఎండ, ముక్కుపుటాలు మండించే క్లోరిన్ వాసన, నడుము లోతు నీళ్ళలో వరసగా నడుస్తున్న తొమ్మిదిమంది మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, వాళ్ళ వెంట గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ ఫిజియోథెరపీ అమ్మాయి. “తాతయ్యా, మోకాలు పైకి. ఇంకాస్త. భయపడకండి, నీళ్ళు మోస్తాయి.” మోస్తాయి, నిజమే, ఇంట్లో మూడు మెట్లెక్కడానికి ముప్పై తిట్లు తిట్టే మామగారు ఇక్కడ కుర్రాడిలా నడుస్తున్నారు. కాని నీళ్ళ మాట చెవిన పడితే చాలు, ఆర్నెల్లుగా ఆమె బుర్రలో తిష్ఠ వేసిన ఒక మనిషి పైకి తేలతాడు. ఓడల అడుగున, నీళ్ళలో మునిగి, వెల్డింగ్ చేసే మనిషి. ఆయన మొహం ఆమె చూడలేదు, గొంతు వినలేదు. ఆమె దగ్గరున్నవల్లా ఆయన రాసిన ఐదు ఉత్తరాలు, తను ఇచ్చిన ఐదు జవాబులు.

ఆమె చేసే పని చెప్పడానికి తేలికే. చిన్న చిన్న దుకాణాలూ ట్రైనింగ్ స్కూళ్ళూ క్రిప్టోలో డబ్బు తీసుకోవాలంటే మధ్యలో ఒక కంపెనీ ఉండాలి, ఆ కంపెనీలో ఆమెది వాపసుల విభాగం. డబ్బు పంపేవాళ్ళు కంపెనీ వాలెట్ అడ్రసుతోపాటు తమ ఆర్డరు నంబరు కూడా రాయాలి. ఎర్ర అక్షరాలతో రాసిపెట్టినా నూటికి ముగ్గురు రాయరు. అప్పుడా డబ్బు వచ్చి పడుతుంది గాని ఎవరిదో, ఎందుకు పంపారో తెలియదు. అలాంటి వాటిని ఆఫీసులో అనామకాలంటారు. నాలుగు రోజులకో వారానికో ఎవరో ఒకరు అది నాదే అంటూ వస్తారు. వచ్చిన ప్రతివాళ్ళదీ కాదు. ఏ రోజు ఏ వాలెట్‌లో ఎంత పడిందో ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోగల వ్యవహారం ఇది, కాబట్టి అది చూసి, తండ్రి చావు దగ్గర్నుంచి పాప ఫీజు దాకా అన్నీ కలిపి కన్నీళ్ళు కారుస్తూ రాసే ఘనులుంటారు. ఒకాయనైతే ఒకే తండ్రిని పదకొండుసార్లు చంపాడు. ఆ పదకొండో చావు దగ్గర ఆయన్ని పట్టుకున్నది ఈమే. ఆ రోజునుంచి ఆఫీసులో ఆమెకు తాళాల అక్క అని పేరు. వెక్కిరింతకే పెట్టారు గాని ఆమెకు లోలోపల నచ్చింది, ఇంట్లో కూడా ఓ నాలుగుసార్లు చెప్పుకుంది, ఇంటాయన అది తీసుకెళ్ళి మామగారికి చెప్పాడు, మామగారు ఊరందరికీ చెప్పారు. ఇవాళ ఆ పేరు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు పాఠం చెప్పేదీ ఆమే. పాఠం ఒక్కటే, వాపసు డబ్బు వచ్చిన చోటికి పంపకూడదు. వినగానే కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు, ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే కదక్కా పంపాలి, అంటారు. అప్పుడామె నీళ్ళ ట్యాంకు కథ చెబుతుంది. చాలామందికి సొంత వాలెట్ ఉండదు, కాయిన్లు ఎక్స్ఛేంజిలో, అంటే కొన్నచోటే, దాచుకుంటారు, ఎక్స్ఛేంజి అందరి డబ్బూ ఒకే ట్యాంకులో పోసి అందులోంచే అందరి తరఫునా పంపుతుంది. నీ బకెట్ నీళ్ళు నీకు తిరిగిచ్చేస్తున్నానని ఆ ట్యాంకులో పోసి వచ్చావనుకో, రేపు నా బకెట్ ఏదని అడిగినవాడికి ఏం చూపిస్తావ్? అందుకని మనిషి ముందు అది తనదని రుజువు చేసుకోవాలి, తిరిగి ఎక్కడ కావాలో తన చేత్తో అడ్రసు రాసివ్వాలి, ఆ అడ్రసుకే పంపాలి. “ఇంతే. ఇది చేతకాకపోతే ఈ కుర్చీలో కూర్చోవద్దు,” అనేది చివర్న, నవ్వుతూనే. అలా నవ్వుతూ ఆ పాఠం ఏ ముప్పైసార్లో చెప్పిన మనిషి, ఆ ఓడల మనిషి డబ్బు తీసుకెళ్ళి నేరుగా ట్యాంకులో పోసింది.

ఆయన ఉత్తరంలో చావులూ లేవు, కన్నీళ్ళూ లేవు. నీళ్ళలో పని చేయాలంటే సర్టిఫికెట్ మళ్ళీ తీసుకోవాలి, ట్రైనింగ్ స్కూలుకు ఫీజు పంపాను, ఆర్డరు నంబరు రాయడం మర్చిపోయాను, వాళ్ళు రాలేదంటున్నారు, సీటు తీసేశారు, నా డబ్బు వాపసు ఇప్పించండి. అంతే. మూడు నెలల జీతమని కూడా ఆయన రాయలేదు, అది ఆమె తర్వాత లెక్క కట్టుకుంది. రుజువు అడిగితే, ఎక్స్ఛేంజిలో తన ఖాతా తెరిచి వీడియో తీసి పంపాడు. వెనక ఏదో ఇంజను మోత, స్క్రీను మీద అటూ ఇటూ కదిలే కాలిన మచ్చల బొటనవేలు. కింద వాపసుకు అడ్రసు రాశాడు. పొరపాటుకు తావుండకూడదని రెండుసార్లు రాశాడు. ఆ మధ్యాహ్నం ఆమె స్క్రీను మీద రెండు అడ్రసులున్నాయి, పైన డబ్బు వచ్చినది, కింద ఆయనిచ్చినది. ఆమె పైనది కాపీ చేసింది. ఎందుకు? ఈ ప్రశ్నకు కాస్త గౌరవంగా ఉండే జవాబు కోసం ఆర్నెల్లుగా వెతుకుతోంది. ఒంట్లో బాగాలేదేమో, లేదు, దుక్కలా ఉంది. ఇంట్లో గొడవేమైనా, లేదు, ఆ వారమంతా ఇంటాయన ఎప్పుడూ లేనంత మంచిగా ఉన్నాడు. మామగారి మోకాలు? అది ఆ తర్వాతి నెల. ఎంత తవ్వినా దొరికేవి కర్టెన్లే. పక్క విండోలో కర్టెన్లు చూస్తోంది, బూడిద రంగు తీసుకోవాలా లేత పసుపా అని. పసుపే తీసుకుంది. హాల్లో వేలాడుతున్నాయి, వచ్చినవాళ్ళందరూ బాగున్నాయంటారు, ఆమె అటు చూడకుండా వంటింట్లోకి పోవడం అలవాటు చేసుకుంది. ఏదో చావుబతుకుల సంగతి మీద పడి చేసిన తప్పయితే చెప్పుకోవడానికైనా ఉండేది, కర్టెన్లు చూస్తూ చేశానంటే వినేవాళ్ళు మొహాన ఉమ్మేస్తారు.

విజిల్ మోగింది. “ఇప్పుడు వెనక్కి నడవాలి. మెల్లగా. అమ్మమ్మా, చూసుకోండి, వెనకాల తాతయ్యున్నారు.” నీళ్ళు తపతపలాడుతున్నాయి, ఎవరో ఎవరినో గుద్దుకున్నారు, నవ్వులు. ఆ డబ్బు పంపిన పదిహేను రోజులకు ఓడల మనిషి మూడో ఉత్తరం వచ్చింది, డబ్బు ముట్టలేదని. ఫైలు తెరిచింది. ఒక్క నిమిషం పట్టలేదు. పైన ఒక అడ్రసు, కింద ఒక అడ్రసు, తను పంపింది పైదానికి. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగింది, వచ్చి మళ్ళీ చూసింది, మంచినీళ్ళు తాగినంత మాత్రాన అడ్రసు మారదు కదా, అదే ఉంది. ఆ క్షణాన లేచి పది అడుగులు నడిచి సారు గదిలోకి వెళ్ళి, పొరపాటైంది సార్ అని ఉంటే నాలుగు చీవాట్లు పెట్టి ఎక్స్ఛేంజికి ఒక ఉత్తరం రాయించేవాడు. పంపిన కంపెనీ తనంతట తాను తప్పు ఒప్పుకుంటూ రాసిస్తే ఎక్స్ఛేంజివాళ్ళు ట్యాంకులో పడ్డదాన్ని వెతికి తీసి అసలు మనిషి ఖాతాలో వేస్తారు, నూట ఎనభై రోజుల్లోపలైతే. ఆ తర్వాత అది వాళ్ళ సొమ్మైపోతుంది. పోగొట్టుకున్న మనిషి ఎంత మొత్తుకున్నా వినరు, పంపినవాళ్ళే రాయాలి. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. పది అడుగులే. ఆ రోజు సారు గదిలో ఎవరో ఉన్నారు, రేపు చెబుదామనుకుంది, రేపు మీటింగులో మూడు నెలలుగా ఒక్క వాపసు కూడా తప్పు పోలేదని ఆమెను నిలబెట్టి చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక ఎలా చెప్పడం? ఎల్లుండి శనివారం. ఆ తర్వాత ఇంకెప్పుడూ చెప్పడానికి మంచి రోజు రాలేదు.

ఆయనకు కంప్యూటర్లో తయారుగా ఉండే జవాబు పంపింది. మీ వాపసు పూర్తయినది, లావాదేవీ నంబరు దిగువన ఇవ్వబడినది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, అదే దాని గొప్ప. నాలుగో ఉత్తరానికీ అదే పంపింది. ఐదోదానికి మాత్రం ఆ జవాబు పనికిరాలేదు. ఆయన రాశాడు, “మీరిచ్చిన నంబరు చూశాను. పంపినట్టే ఉంది. నాకు రాలేదు. రెండూ నిజమే అయితే నేనే అడ్రసు తప్పు రాసి ఉంటాను. సర్టిఫికెట్ లేదని నన్ను నీళ్ళలోకి దిగనివ్వడం లేదు. పైన ఉండి, దిగినవాళ్ళ గాలిగొట్టం పట్టుకుంటున్నాను. నాదే తప్పయితే ఆ మాట చెప్పండి, ఇక విసిగించను.” పక్కన ఎవరో టీ పెట్టి వెళ్ళారు, చల్లారిపోయింది. అప్పుడు తయారు జవాబుల్లోంచి కాదు, సొంతంగా, తన పది వేళ్ళతో ఒక వాక్యం టైపు చేసింది, “దయచేసి మీరు ఇచ్చిన వివరాలు ఒకసారి సరిచూసుకోగలరు.” గలరు అట. ఎంత మర్యాద! ఆయన సరిచూసుకునే ఉంటాడు, ఆ కాలిన బొటనవేలు ఒక్కో అక్షరం మీద పెట్టి, పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. అక్షరాలన్నీ సరిగ్గానే ఉండి ఉంటాయి, అయినా తననే అనుమానించుకుని ఉంటాడు. మళ్ళీ రాయలేదు. కేసు దానంతటదే మూతపడింది. మూతపడిందన్న ఆకుపచ్చ గుర్తు చూసి ఆ సాయంత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళంతా చీదరగా ఉంది.

“మా కోడలుంది చూశారూ,” మామగారి గొంతు గాజు కప్పుకు తగిలి హాలంతా తిరిగింది. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ పోయి కరెంటు మీటర్లు చూసిన మనిషి, వీధి గుమ్మంలోంచి అరిస్తే పెరట్లోవాళ్ళకు వినపడాలి కదా, మెల్లగా మాట్లాడడం ఆయనకు రాదు. “ఆ గట్టు మీద కూచుందే, ఆవిడే. కంప్యూటర్లో డబ్బులు తిప్పే కంపెనీ. ఆవిడ ఊ అంటే తప్ప చిల్లిగవ్వ కదలదు. నా సర్వీసంతట్లో నేను ఓ యాభై రీడింగులైనా తప్పు రాసుంటాను, ఎందుకబద్ధం! ఆవిడ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తప్పు పోనివ్వలేదండీ.” నీళ్ళలో తలలన్నీ ఇటు తిరిగాయి. గట్టు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ చెయ్యి ఊపింది. ఆమె కూడా నవ్వి చెయ్యి ఊపింది. చెయ్యి దించాక ఆ నవ్వును ఏం చేయాలో తెలియలేదు. యాభై తప్పుల సంగతి మామగారు నీళ్ళలో నిలబడి ఎంత సులువుగా చెప్పేశారు, మోకాలి నొప్పి చెప్పినట్టు. తనది ఒక్కటే, గొంతులో వెలక్కాయలా పడి ఉంది, మింగుడు పడదు, బయటికి రాదు.

ఒక్కటేనా? కళ్ళద్దాల పిల్ల సంగతో? రెండు నెలల కిందట కొత్తగా చేరిన పిల్ల, ముక్కు మీద నిలవని కళ్ళద్దాలు, మాటమాటకీ పైకి తోసుకునేది. ఒక వాపసులో పైన అడ్రసు కాపీ చేసింది. పంపలేదు, పంపబోయింది, చిన్నవాళ్ళు పంపేదానికి రెండో సంతకం ఉండాలి, ఆ సంతకానికి ఆమె దగ్గరికే వచ్చింది, ఆమె పట్టుకుంది. తాళాల అక్క పంపేవాటికి రెండో సంతకం అక్కర్లేదు, అంత నమ్మకం. పక్కకు పిలిచి చెబితే పోయేది. చెప్పలేదు. అందరిముందూ నిలబెట్టి, ట్యాంకు కథ మొదటినుంచి చివరిదాకా ఆ పిల్ల నోటితోనే చెప్పించింది. “కంగార్లో చేశానక్కా, సారీ అక్కా,” అంటే, “కంగారు నీది, డబ్బెవరిది?” అంది. ఎంత బాగా అంది! పక్క కుర్చీలవాళ్ళు ఆ మాట వారం రోజులు చెప్పుకున్నారు. ఆ పిల్ల బాత్రూంలోకి పోయి ఏడ్చి, కళ్ళద్దాలు కడుక్కుని వచ్చి కూర్చుంది, నెల తిరక్కుండా వేరే విభాగానికి మార్పించుకుంది. ఇప్పటికీ లిఫ్టులో ఎదురైతే నేల చూస్తుంది. ఆ రోజు తన గొంతులోకి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు ఆ రోజే తెలుసు, తనకు పడాల్సిన తిట్లన్నీ తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన కుమ్మరించింది. అది తెలిసి కూడా ఆ మధ్యాహ్నం కడుపునిండా భోంచేసింది.

నాలుగూ ముప్పై ఐదు. నూట ఎనభై రోజుల గడువుకు ఇంకా ఇరవై ఐదు నిమిషాలు. ఎక్స్ఛేంజికి పంపాల్సిన ఉత్తరం తయారుగానే ఉంది, రెండు నెలలుగా ఉంది. ఫారంలో కారణం అని ఒక గడి. అందులో మొదట సాంకేతిక కారణం అని రాసింది, తర్వాత సిస్టమ్ లోపం అని రాసింది, సిస్టమ్ పాపం నోరులేనిది, ఏమన్నా పడుతుంది. ఒకసారి ఖాతాదారు అయోమయం అని కూడా రాసి, రాసిన చేతిని తనే చూసుకుని, లాప్‌టాప్ మూసి పొద్దుటే చేసిన స్నానం మళ్ళీ చేసింది. గుట్టుచప్పుడు కాకుండా సొంత డబ్బు ఇచ్చేద్దామా అనుకుంది, బ్యాంకులో ఉన్నదానితో సరిపోతుంది కూడా, కాని ఏ పేరుతో పంపడం? పేరు లేకుండా పంపితే ఆయన ఖాతాలో అదో అనామకం అవుతుంది, ఆ మనిషి తీరు చూస్తే దాన్ని కూడా ఇది నాది కాదని వాపసు చేసేలా ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఉద్యోగం పోతుందని భయపడుతున్నాననుకుంది. ఉద్యోగమేం పోదు, సారు కేకలేస్తాడు, జీతంలో కొంత కోస్తాడు, రెండో సంతకం పెట్టించుకోమంటాడు. ఆమెను పట్టుకుని ఆపింది ఉద్యోగం కాదు, ఆ పేరే. నలభై ఏళ్ళు దాటాక మొదటిసారి ఎవరో పెట్టిన ఒక పేరు. దానికోసం ఒక మనిషిని ఆర్నెల్లు గట్టు మీద నిలబెట్టింది.

“అమ్మమ్మా, గట్టు వదిలేయాలి. వదిలితేనే కాలు సాగుతుంది.” “వదలనమ్మా, నువ్వు నా కాళ్ళు పట్టుకున్నా వదలను,” అంది పెద్దావిడ, అందరూ నవ్వారు, మామగారు అందరికంటే గట్టిగా నవ్వారు. నాలుగూ నలభై రెండు. నీళ్ళ అడుగున పరిచిన నీలం పలకలు అలల కింద వంకర్లు పోతున్నాయి. ఆయన ఇప్పుడు ఎక్కడో ఒక ఓడ అంచున నిలబడి ఉంటాడు, చేతిలో గొట్టం, గొట్టానికి అవతలి కొసన ఒక మనిషి ఊపిరి. గంటలు గంటలు అలా పట్టుకునే ఉండాలేమో. పట్టుకున్నవాడు ఒక్క నిమిషం పక్కకు చూస్తే? బూడిదా పసుపా అనుకుంటే? ఆయన చూడడు. తన పని పోయి, ఇంకొకడు తన పని చేస్తుంటే, వాడి గాలి పట్టుకుని పక్కకు చూడకుండా నిలబడ్డ మనిషి. ఆమెకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, అందుకూ సిగ్గేసింది, ఏడవాల్సింది తను కాదు కదా. కళ్ళు తుడుచుకోకుండానే కారణం గడి ఖాళీ చేసి రాసింది, “వాపసు పంపిన ఉద్యోగిని అడ్రసు తప్పు కాపీ చేసింది. ఖాతాదారు ఇచ్చిన అడ్రసు సరైనదే.” కింద ఉద్యోగిని పేరు అన్నచోట తన పేరు. కాపీ సారుకు దానంతటదే వెళ్తుంది. పంపు అన్న మీట మీద వేలు పెట్టి, ఉత్తరం చేరాల్సిన ఎక్స్ఛేంజి అడ్రసు నాలుగుసార్లు సరిచూసి, నొక్కింది.

నాలుగూ నలభై ఎనిమిది. ఎక్స్ఛేంజినుంచి వెంటనే జవాబొచ్చింది, గడువులోపల అందింది, పది రోజుల్లో అసలు ఖాతాలో జమ చేస్తాం అని. దాని వెనకే సారు మెసేజి, “ఇదేంటి? రేపు రాగానే నా గదికి రా.” బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. ఎందుకంటే ఫారంలో ఎప్పుడు తెలిసింది అని అడిగే గడి లేదు. చూసినవాళ్ళెవరైనా ఇవాళ పాత ఫైళ్ళు తిరగేస్తుంటే కనపడిందనుకుంటారు, కనపడగానే నిజాయితీగా రాసిందనుకుంటారు, సారు ఆ కేకలేవో వేశాక, పోనీ నువ్వే పట్టుకున్నావు కదా అని మెచ్చుకున్నా మెచ్చుకుంటాడు. ఆ మాట ఆమెకు ముందే వినపడింది, విని, దాన్ని కాదనాలని కూడా అనిపించలేదు. ఓడల మనిషికీ అదే రాసింది, మీరు ఇచ్చిన అడ్రసు సరైనదే, నేనే తప్పు పంపాను, పది రోజుల్లో మీ డబ్బు మీకు వస్తుంది, క్షమించండి. ఎప్పుడు తెలిసిందో రాయలేదు.

ఓడ రేవులో ఉన్నట్టుంది, రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. “నిజమా మేడమ్? చాలా థాంక్స్. నేనే తప్పు రాశానని ఇంట్లో చెప్పేశాను. మళ్ళీ తాగి పంపానంటున్నారు. నేను మానేసి ఆరేళ్ళయింది మేడమ్. మా అమ్మ నాతో మాట్లాడటం లేదు. నేను చెబితే నమ్మరు. ఈ మాట మీరు మా ఇంటికి ఫోన్ చేసి చెప్తారా? ఇబ్బందయితే వద్దు.” కింద ఒక నంబరు. దయచేసి సరిచూసుకోగలరు. ఆయన సరిచూసుకుని, తప్పు కనపడక, ఆ లేని తప్పును ఇంటికి మోసుకెళ్ళి ఒప్పుకున్నాడు. వాళ్ళు ఆరేళ్ళ నాటి గ్లాసు మళ్ళీ ఆయన చేతిలో పెట్టారు. మెసేజి పెడతానందామా, కంపెనీ తరఫున ఉత్తరం పంపిస్తానందామా, లెటర్‌హెడ్డు మీద, సంతకంతో? ఐదింటికి ఇంకా ఆరు నిమిషాలుంది, విజిల్ మోగేలోపల చేస్తే చేసినట్టు, మామగారిని తువ్వాలుతో తుడిచి, చెప్పులు తొడిగించి, ఇంటికి పోయాక చేయగలనన్న నమ్మకం ఆమెకు తన మీద లేదు. నంబరు నొక్కింది.

ఒక ఆడమనిషి తీసింది, వెనక కుక్కరు కూత. “ఎవరండీ?” ఆమె తనెవరో చెప్పింది, కంపెనీ పేరు చెప్పింది, చెప్పాల్సింది చెప్పింది, గబగబా, ఒక్క ఊపిరిలో. అవతల కుక్కరు ఆగింది. “అంటే, ఆయన రాసిన అడ్రసు కరెక్టేనా?” “కరెక్టేనండీ. రెండుసార్లు రాశారు. నేనే చూసుకోలేదు.” “ఒక్క నిమిషం ఉండండి, పెట్టేయకండి. మా అత్తయ్యకు చెవి సరిగ్గా వినపడదు. స్పీకరు పెడతాను. మళ్ళీ మొదటినుంచి చెప్పండి, కాస్త గట్టిగా.” గట్టిగా అంటే ఎంత గట్టిగా? ఆమె లేచి నిలబడింది. నీళ్ళలో అందరూ కళ్ళు మూసుకుని చేతులు చాపి ఊపిరి పీల్చి వదిలే కార్యక్రమంలో ఉన్నారు, హాలు సద్దుమణిగి ఉంది. గట్టిగానే చెప్పింది. తప్పు నాదమ్మా, మీ అబ్బాయిది కాదు, అడ్రసు ఆయన సరిగ్గా రాశారు, నేను వేరేచోటికి పంపాను. గాజు కప్పు ఆమె మాటల్ని ఒక్కటి కూడా పోనివ్వకుండా కిందికి తెచ్చింది. నీళ్ళలో ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. మామగారు చాపిన చేతులు అలాగే ఉంచి ఆమెవైపు చూస్తున్నారు.

“వాడు తాగలేదా?” ఫోన్లో ముసలి గొంతు. “తాగి కాదమ్మా. ఆయన తప్పేం లేదు.” ఆ తర్వాత అవతల ఏం జరుగుతోందో తెలియలేదు, ఎవరో ముక్కు చీదిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. మళ్ళీ ఆ ఇంటి కోడలి గొంతు, ఈసారి నెమ్మదిగా, “ఫోన్ చేసి చెప్పారు, మంచిదేనండీ. ఒక్కటి అడుగుతాను. ఇది మీకెప్పుడు తెలిసింది? ఇవాళేనా?”

ఇవాళే అంటే సరిపోతుంది. అడిగినావిడ కూడా ఆ మాటే వినాలనుకుంటున్నట్టుంది, అడగడంలోనే అందించింది. మామగారు మెల్లగా నీళ్ళు తోసుకుంటూ గట్టు దాకా వచ్చి, రెండు చేతులూ అంచు మీద ఆనించి నిలబడ్డారు.

“కాదండీ,” అంది ఆమె, అంతే గట్టిగా. “ఐదున్నర నెలలైంది. మీ ఆయన డబ్బు రాలేదని రాసిన రోజే తెలిసింది నాకు. తెలిసే, ఆయన్ని సరిచూసుకోమన్నాను.”